నంద్యాలకు వచ్చే పార్సిళ్లు సరే.. ఇక్కడి నుంచి వెళ్లేవెన్ని?

అంగడి పద్దు పుస్తకం నుంచి ఆళ్లగడ్డ శిల్పం దాకా.. ఆన్‌లైన్ షాపింగ్ మన ఊళ్లను ఎలా మారుస్తోంది? ఎవరికి లాభం, ఎవరికి నష్టం? ఓసారి చూద్దాం.

"ఓటీపీ చెప్పండక్కా.."

పొద్దున పది దాటితే చాలు, ఆళ్లగడ్డ వీధుల్లో వినిపించే మాట ఇది. వీపున పెద్ద బ్యాగు, చేతిలో ఫోన్. బైకు స్టాండ్ వేసీ వేయకముందే గేటు దగ్గర పిలుపు. ఒక ఇంటికి చెప్పుల జత, పక్కింటికి మిక్సీ జార్, ఎదురింటికి పిల్లాడి స్కూల్ బ్యాగు. ఒకప్పుడు ఇవి కావాలంటే ఆళ్లగడ్డ బజారుకు పోవాలి. అక్కడ దొరక్కపోతే బస్సెక్కి నంద్యాలకు. బంగారమైతే ప్రొద్దుటూరుకు. పెళ్లి బట్టలకు ఇంకా దూరం. ఇప్పుడు బజారే ఇంటికొస్తోంది.

కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ మీదుగా కడప వైపు పోయే 40వ నంబర్ జాతీయ రహదారి మీద రోజూ ఈ పార్సిళ్ల బండ్లు వస్తాయి. నిండుగా వస్తాయి. మరి వెనక్కి పోయేటప్పుడు? వాటిలో రిటర్న్ ఇచ్చిన సరుకు కాకుండా, మన ఊళ్లో తయారై బయటికి అమ్ముడుపోయిన సరుకు ఎంత?

ఆన్‌లైన్ మంచిదా చెడ్డదా అని వాదించుకునే కాలం అయిపోయింది. నంద్యాల జిల్లాకు సంబంధించినంత వరకు ఇప్పుడు అసలు ప్రశ్న ఆ బండి వెనక్కి ఏం తీసుకెళ్తోంది అన్నదే.

తలుపులు తెరిచిన ప్రధాని.. మన ఎంపీనే!

ఈ కథలో నంద్యాలకు ఓ పాత లింకుంది. 1991 జూలైలో ఆర్థిక సంస్కరణలు మొదలుపెట్టిన ప్రధాని పీవీ నరసింహారావు, అదే ఏడాది నవంబరులో లోక్‌సభకు ఎన్నికైంది నంద్యాల నుంచే. ఆ ఉపఎన్నికలో ఆయనకు వచ్చిన మెజారిటీ 5 లక్షలకు పైమాటే. విదేశీ పెట్టుబడికి, ప్రైవేటు టెలికాం కంపెనీలకు దారి ఏర్పడింది ఆ కాలంలోనే. ఈ రోజు మన చేతిలో ఉన్న ఫోన్‌కు, అందులోని షాపింగ్ యాప్‌కు బీజం అక్కడుంది.

ఇంకో లింకు పక్క జిల్లాది. 2007లో బెంగళూరులో పుట్టిన ఫ్లిప్‌కార్ట్‌కు తొలి ఆర్డర్ ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసా? అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని మహబూబ్‌నగర్ నుంచి. కొన్నది ఓ పుస్తకం. గమనించండి. ముంబై కాదు, ఢిల్లీ కాదు, మన తెలుగు ఊరు. ఊళ్లో దొరకని వస్తువు ఇంటికి తెచ్చివ్వడం అనే పాయింట్ మీదే ఈ వ్యాపారం నిలబడింది.

ఆ తర్వాత అంతా ఒకదాని వెంట ఒకటి. 2010లో ఫ్లిప్‌కార్ట్ క్యాష్ ఆన్ డెలివరీ తెచ్చింది. కార్డు లేనివాళ్లకూ ధైర్యం వచ్చింది. 2013 జూన్‌లో అమెజాన్ మన దేశంలో అడుగుపెట్టింది. 2016 ఒక్క ఏడాదిలోనే మూడు పెద్ద సంగతులు జరిగాయి. ఏప్రిల్‌లో యూపీఐ, సెప్టెంబర్‌లో జియో, నవంబర్‌లో నోట్ల రద్దు. చౌక డేటా వచ్చింది, చేతిలో నోటు తగ్గింది, ఫోన్‌లోనే డబ్బు కట్టే దారి దొరికింది. 2025 ఆగస్టు నాటికి దేశంలో ఒక్క నెల యూపీఐ లావాదేవీలు 2,000 కోట్లు దాటాయి. టీ బంకు దగ్గర క్యూఆర్ కోడ్ లేకపోతే ఇప్పుడు మనకే విచిత్రంగా ఉంటుంది.

జనం ఎందుకు కొంటున్నారు?

ముందు నిజం ఒప్పుకుందాం. జనం ఊరికే యాప్ వైపు పోలేదు. ధర తక్కువ. రకాలు ఎక్కువ. నచ్చకపోతే వెనక్కిచ్చే సౌకర్యం. మన అంగళ్లలో చాలా చోట్ల 'ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అనే బోర్డు ఏళ్ల తరబడి వేలాడింది. ఆ బోర్డే కొనేవాళ్లను యాప్ దగ్గరకు తోసింది.

ఆడవాళ్ల సంగతి ఇంకో కోణం. లోదుస్తులో, శానిటరీ ప్యాడ్సో మగవాళ్లు కూర్చున్న అంగట్లో అడగాలంటే మొహమాటం. ఫోన్‌లో ఆ ఇబ్బంది లేదు. పల్లెలో ఉన్న అమ్మాయి పోటీ పరీక్షల పుస్తకం కోసం నాన్ననో, అన్ననో బతిమాలి టౌన్‌కు పంపక్కర్లేదు. మోకాళ్ల నొప్పులున్న ముసలాయన బస్సెక్కక్కర్లేదు. ఇవి చిన్న మార్పులు కావు.

ఇళ్లలో కూర్చుని వాట్సాప్‌లో చీరల ఫొటోలు పెట్టి అమ్ముకునే మహిళలను మనం ప్రతి వీధిలో చూస్తున్నాం. 2015లో మొదలైన మీషో మొదట పట్టుకున్నది ఈ పద్ధతినే. షాపు బాడుగ లేదు, అడ్వాన్స్ లేదు. తెలిసినవాళ్ల గ్రూపే మార్కెట్.

అంగడి ఇచ్చేది సరుకొక్కటేనా?

ఇప్పుడు రెండో వైపు చూద్దాం.

"రాసుకోన్నా.. శనగలు అమ్మినాక ఇస్తా."

నంద్యాల చుట్టుపక్కల ఏ పల్లె అంగడికి పోయినా వినపడే మాట ఇది. కిరాణా అంగడి పద్దు పుస్తకం మన దగ్గర చిన్న బ్యాంకు. దానికి సిబిల్ స్కోర్ లేదు, ఆధార్ జిరాక్స్ అక్కర్లేదు. మనిషి తెలుసు, వాళ్ల నాన్న తెలుసు, పొలంలో ఏ పంట వేశాడో తెలుసు. పంట చేతికొచ్చేదాకా ఆగుతాడు. వాన ఎగ్గొడితే ఇంకో పంట దాకా ఆగుతాడు. దీంట్లో ధర కొంచెం ఎక్కువ వేసుకోవడం, వడ్డీ కలపడం ఉన్నాయి. కాదనలేం. అయినా ఆపదలో పూట గడిచేది ఆ పుస్తకంతోనే.

యాప్‌లు కూడా అప్పు ఇస్తున్నాయి కదా అంటారా? 'ఇప్పుడు కొను, తర్వాత కట్టు' అనే ఆఫర్ నిజమే. కానీ అది నెల జీతం ఉన్నవాళ్లకు కుదిరే లెక్క. నెలకింత వాయిదా అని ఉంటుంది. ఏడాదికి ఒకటి రెండుసార్లు డబ్బు చూసే రైతుకు, పనుంటేనే కూలి వచ్చే మనిషికి ఆ తారీఖు కుదరదు. తారీఖు తప్పితే ఫైన్, ఆ తర్వాత స్కోర్ దెబ్బ.

ఇక్కడే ఓ చిక్కు ఉంది. చేతిలో డబ్బున్నవాళ్లు యాప్‌లో కొంటున్నారు. డబ్బు లేని రోజు అంగడికి పోతున్నారు. అంటే నగదు బేరాలన్నీ యాప్‌కు, అరువు బేరాలన్నీ అంగడికి. నగదు బేరాలు లేకుండా అరువు ఇచ్చే అంగడి ఎన్నాళ్లు నిలబడుతుంది? అది మూతపడితే ముందు నష్టపోయేది యాప్ వాడని నిరుపేదే. మనం యాప్‌లో మిగుల్చుకున్న 50 రూపాయలకు, పక్కింటి కూలి మనిషి అరువు ఆగిపోవడానికి సంబంధం ఉంది. కంటికి కనపడదంతే.

పురుగుమందుల వ్యాపారంలోనూ ఇదే కథ. లైసెన్స్ ఉన్నవాళ్లు పురుగుమందులను ఆన్‌లైన్‌లో అమ్ముకోవచ్చని కేంద్రం 2022 నవంబర్‌లో రూల్స్ మార్చింది. రైతుకు ఎమ్మార్పీ పోల్చుకునే వీలు దొరికింది. మంచిదే. కానీ పత్తిలో ఆకు మీద మచ్చ చూపించి "ఇదేం తెగులన్నా" అని అడిగే చోటు ఏది? పంట మీద అప్పు ఇచ్చేదెవరు? దీనికి ఓ మంచి జవాబు మన ఊళ్లోనే ఉంది. నంద్యాలలో 1906 నుంచి వ్యవసాయ పరిశోధన స్థానం నడుస్తోంది. మందు ఎక్కడ కొన్నా, ఏ మందు కొట్టాలో అడగాల్సింది శాస్త్రవేత్తలను, వ్యవసాయ సిబ్బందిని. అమ్మేవాడే డాక్టర్ అయితే బిల్లు పెరుగుతుంది. అది అంగడైనా సరే, యాప్ అయినా సరే.

ఊళ్లో తిరిగే రూపాయి

ఒక చిన్న లెక్క వేద్దాం. ఉదాహరణకు మాత్రమే.

నంద్యాల గాంధీ చౌక్ దగ్గర మీరు 2,000 రూపాయలకు ఓ మిక్సీ కొన్నారనుకోండి. అంగడి యజమానికి 200 మిగిలిందనుకుందాం. ఆ 200లోంచి గుమాస్తా జీతం, అంగడి బాడుగ, కరెంటు బిల్లు, మధ్యాహ్నం టీ ఖర్చు పోతాయి. గుమాస్తా ఆ డబ్బుతో కూరగాయలు కొంటాడు. బిల్డింగ్ ఓనర్ ఆ బాడుగతో మేస్త్రీని పిలిచి గోడ కట్టిస్తాడు. రూపాయి ఊళ్లోనే నాలుగు చేతులు మారుతుంది.

అదే మిక్సీ యాప్‌లో 1,850కి వచ్చింది. మీకు 150 మిగిలింది. ఆ 150 మీరు ఊళ్లోనే ఖర్చు పెట్టొచ్చు. డెలివరీ చేసిన కుర్రాడికి కొంత ముట్టింది. మిగతా లాభం గోడౌన్ ఉన్న నగరానికి, యాప్ కంపెనీకి పోయింది.

మరి పన్ను? ఇక్కడ చాలామందికి ఓ అపోహ ఉంది. ఆన్‌లైన్‌లో కొంటే రాష్ట్రానికి జీఎస్టీ పోతుందని అనుకుంటారు. అది కరెక్ట్ కాదు. 2017 జూలై 1న వచ్చిన జీఎస్టీలో పన్ను సరుకు వాడే రాష్ట్రానికి చెందుతుంది. బెంగళూరు గోడౌన్ నుంచి వచ్చినా, ఆళ్లగడ్డలో వాడే వస్తువు మీద రాష్ట్ర వాటా ఆంధ్రప్రదేశ్‌కే. కాబట్టి నష్టం రాష్ట్ర ఖజానాకు అంతగా లేదు. నష్టం బజారుకు. గుమాస్తా కొలువుకు, అంగడి బాడుగకు, హమాలీ కూలికి.

షాపులో పిల్లాడు.. ఇప్పుడు బైకు మీద

బట్టల షాపులో సేల్స్‌మన్‌గా చేరాల్సిన కుర్రాడు ఇప్పుడు డెలివరీ బ్యాగు తగిలించుకుంటున్నాడు. పనైతే దొరికింది. కానీ పని పద్ధతి మారింది. పెట్రోల్ తనదే, బైకు రిపేరు తనదే, పార్సిల్‌కు ఇంత అని డబ్బు. కిందపడి కాలు విరిగితే ఆ నెల సున్నా. షాపు యజమాని అయితే తిట్టినా పండక్కి బట్టలు పెట్టేవాడు. యాప్‌కు మొహం లేదు, అడగడానికి మనిషి లేడు.

దేశంలో ఇలాంటి గిగ్ వర్కర్లు 2020-21లో 77 లక్షల మంది ఉన్నారని, 2029-30 నాటికి 2.35 కోట్లు అవుతారని నీతి ఆయోగ్ 2022లో అంచనా వేసింది. 2020 నాటి సామాజిక భద్రతా కోడ్ వీళ్లను తొలిసారి చట్టంలో గుర్తించింది. అది 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. యాప్ కంపెనీలు తమ టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం వీళ్ల సంక్షేమ నిధికి కట్టాలన్నది అందులో ముఖ్యమైన పాయింట్. వర్కర్లకు కంపెనీ చెల్లించే మొత్తంలో 5 శాతం మించకూడదనే లిమిట్ ఉంది. మీ ఇంటికొచ్చే కుర్రాడు ఈ-శ్రమ్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకున్నాడో లేదో ఓసారి అడగండి. చాలామందికి ఆ సంగతే తెలీదు.

ఆఫీసు కూడా ఫోన్‌లోకే

సరుకులే కాదు, సేవలూ అంతే. రైలు టికెట్ 2002లోనే ఆన్‌లైన్ అయింది. 2011లో మీసేవ వచ్చి తహశీల్దార్ ఆఫీసు క్యూ తగ్గించింది. 2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం 'మన మిత్ర' పేరుతో వాట్సాప్ సేవలు మొదలుపెట్టింది. మొదట 161 సేవలు. తర్వాత ఇంకా పెంచుతూ వచ్చారు. సర్టిఫికెట్ కోసం పనిమానుకుని మండలాఫీసు చుట్టూ తిరిగే కూలి మనిషికి ఇది పెద్ద ఊరట. ఒక రోజు కూలి మిగులుతుంది.

అయితే ఫోన్ వాడటం రానివాళ్ల మాటేంటి? వాళ్లు ఇప్పటికీ నెట్ సెంటర్‌కే పోతారు. అక్కడ ఉచిత సేవకు కూడా డబ్బులు కడతారు. ఓటీపీ వస్తే ఫోనే చేతిలో పెట్టేస్తారు. అంటే మధ్యవర్తి పోలేదు, కుర్చీ మారిందంతే. ఈ నమ్మకాన్నే సైబర్ దొంగలు వాడుకుంటున్నారు. ఇంట్లో చదువుకున్న పిల్లలు పెద్దవాళ్లకు ఒక్క మాట పదే పదే చెప్పాలి. డెలివరీ తీసుకునేటప్పుడు గేటు దగ్గర చెప్పే ఓటీపీ వేరు, ఫోన్ చేసి అడిగేవాడికి చెప్పే ఓటీపీ వేరు. రెండోది చెప్పొద్దు.

అంత తక్కువకు ఎలా ఇస్తున్నారు?

చిన్న వ్యాపారులు అడిగే ప్రశ్న ఇది. "మేం హోల్‌సేల్‌లో తెచ్చే రేటు కన్నా వాళ్లు అమ్మే రేటు తక్కువ. ఎట్లా?"

మన రూల్స్ ప్రకారం విదేశీ పెట్టుబడి ఉన్న ఆన్‌లైన్ కంపెనీ తన సొంత సరుకు నేరుగా కస్టమర్‌కు అమ్మకూడదు. అమ్మేవాడిని, కొనేవాడిని కలిపే మార్కెట్‌గా మాత్రమే ఉండాలి. 2019 ఫిబ్రవరి 1 నుంచి ఈ రూల్ ఇంకా బిగించారు. తమ వాటా ఉన్న కంపెనీల సరుకును తమ సైట్‌లో అమ్మకూడదని, ఏ వస్తువునూ తమ దగ్గర మాత్రమే అమ్మాలని షరతు పెట్టకూడదని చెప్పారు. అయినా కొందరు పెద్ద సెల్లర్లకే సైట్‌లో ముందు వరస దక్కుతోందని, భారీ డిస్కౌంట్లతో చిన్నవాళ్లను తోసేస్తున్నారని వ్యాపార సంఘాలు ఫిర్యాదు చేశాయి. 2020 జనవరిలో కాంపిటీషన్ కమిషన్ అమెజాన్, ఫ్లిప్‌కార్ట్‌ల మీద విచారణకు ఆదేశించింది. ఆ వ్యవహారం ఏళ్లుగా కోర్టుల చుట్టూ తిరిగింది. ఈలోగా ఎన్ని అంగళ్ల షట్టర్లు దిగాయో లెక్క రాసేవాళ్లు లేరు.

2024 ఆగస్టులో కేంద్ర వాణిజ్య మంత్రి పీయూష్ గోయల్ కూడా ఈ విషయం లేవనెత్తారు. ఆన్‌లైన్ వ్యాపారం ఇంత వేగంగా పెరగడం గర్వపడే విషయం కాదు, ఆందోళన పడాల్సిన విషయం అన్నది ఆయన మాటల సారాంశం.

ధర తక్కువగా ఉన్నన్నాళ్లు కొనేవాళ్లకు పండగే. కానీ పోటీ ఇచ్చే అంగడి పోయాక అదే ధర ఉంటుందా? ఆలోచించాల్సిన పాయింట్ అదే.

ఆళ్లగడ్డ శిల్పం యాప్‌లో ఎందుకు లేదు?

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. మన జిల్లా నుంచి బయటికి పోవాల్సిన సరుకు ఏముంది?

చాలా ఉంది. ఆళ్లగడ్డ రాతి శిల్పానికి భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ ట్యాగ్ ఉంది. బనగానపల్లె మామిడికి 2017లో అదే గుర్తింపు వచ్చింది. కేసీ కెనాల్ కింద పండే సోనా బియ్యానికి రాష్ట్రం దాటి పేరుంది. పైగా అహోబిలం, మహానంది, యాగంటి, శ్రీశైలం.. అన్నీ ఈ జిల్లాలోనే. ఏటా వచ్చే భక్తులే మనకు ఉచిత ప్రచారం.

మరి అడ్డంకి ఎక్కడ? ఒక్కోటి చూద్దాం.

ముందు శిల్పం. దేవుడి విగ్రహం చెప్పుల జత లాంటిది కాదు. కొలతలు శాస్త్రం ప్రకారం ఉండాలి. ఆర్డర్ మీదే చెక్కుతారు. నచ్చలేదని రిటర్న్ పెట్టే సరుకు కాదు. బరువు చూస్తే లారీ ట్రాన్స్‌పోర్టే దిక్కు. అందుకే మామూలు యాప్ పద్ధతి దీనికి సరిపోదు. సరిపోయేది వీడియో కాల్, వాట్సాప్. రాయి ఎంచుకున్న రోజు ఒక వీడియో, ముఖం చెక్కేటప్పుడు ఒక వీడియో, పూర్తయ్యాక ఇంకొకటి. విడతలవారీగా డబ్బు. అమెరికాలో గుడి కట్టుకునే తెలుగువాళ్లకైనా, బెంగళూరులో ఇల్లు కట్టుకునేవాళ్లకైనా కావాల్సింది ఈ నమ్మకమే. పూజగదిలో పట్టే చిన్న విగ్రహాలు మాత్రం కొరియర్‌లో పోతాయి. యాప్‌కు సరిపోయేవి అవే.

ప్రమాదం కూడా ఇక్కడే ఉంది. వేరే చోట మిషన్ మీద చెక్కిన బొమ్మకు ఆళ్లగడ్డ పేరు తగిలించి ఆన్‌లైన్‌లో అమ్మితే? జీఐ చట్టం పనికొచ్చేది అప్పుడే. కానీ ట్యాగ్ వచ్చిందని సంబరపడితే చాలదు. ఒక్కో శిల్పి అధీకృత వినియోగదారుడిగా పేరు నమోదు చేసుకోవాలి. అప్పుడే ఆ పేరు వాడే హక్కు తనది అని గట్టిగా అడగగలడు.

రెండోది పన్ను కాగితం. జీఎస్టీ నంబర్ లేని చిన్న వ్యాపారులు కూడా 2023 అక్టోబర్ 1 నుంచి ఈ-కామర్స్ సైట్లలో సరుకు అమ్ముకోవచ్చు. అయితే సొంత రాష్ట్రంలో మాత్రమే. ఆళ్లగడ్డ నుంచి విజయవాడకు అమ్మొచ్చు. హైదరాబాద్‌కు, బెంగళూరుకు, చెన్నైకి యాప్ ద్వారా అమ్మాలంటే జీఎస్టీ నంబర్ ఉండాల్సిందే. మనకు విజయవాడ ఎంత దూరమో తెలుసు. మన సహజమైన మార్కెట్ హైదరాబాద్, బెంగళూరు. రెండూ రాష్ట్రం బయటే! బండి ఆగిపోతున్నది ఇక్కడే. చిన్న వ్యాపారులకు మూడు పనిదినాల్లో రిజిస్ట్రేషన్ ఇచ్చే విధానం 2025 నవంబర్ 1 నుంచి తెచ్చారు. నంబర్ దొరకడం సులువైంది. రిటర్నులు వేసే భారం మాత్రం అలాగే ఉంది.

మూడోది బియ్యం. 2022 జూలై 18 నుంచి 25 కేజీల లోపు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ పడుతోంది. అప్పటి నుంచే మార్కెట్లో 26 కేజీల బస్తా ఎందుకు కనిపిస్తోందో ఇప్పుడు అర్థమైందా? కానీ ఆన్‌లైన్‌లో 26 కేజీల బస్తా కొనేదెవరు? అక్కడ నడిచేది 5 కేజీలు, 10 కేజీల ప్యాకెట్. దానికి పన్ను ఉంది, ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ కావాలి, ప్యాకింగ్ కావాలి. ఒక్క రైతు వల్ల అయ్యే పని కాదు. పది మంది రైతులు కలిసి ఉత్పత్తిదారుల సంఘంగా ఏర్పడితే కుదురుతుంది.

మామిడికైతే టైమే శత్రువు. కోసిన కాయ దారిలో మగ్గిపోతే అంతే. రెండు రోజుల్లో ఇంటికి చేరాలి. ఆర్టీసీ కార్గో, రైలు పార్సిల్, కొరియర్.. ఏది ఎక్కడికి తొందరగా చేరుస్తుందో సీజన్‌కు ముందే లెక్క వేసుకోవాలి.

చేసి చూపించినవాళ్లు ఉన్నారు

కుదరదేమో అనుకోవద్దు. మన కోనసీమ వైపు ఆత్రేయపురం చూడండి. ఇళ్లలో ఆడవాళ్లు చేసే పూతరేకులకు 2023లో జీఐ వచ్చింది. తేలిగ్గా ఉంటాయి, కొన్నాళ్లు నిల్వ ఉంటాయి. కొరియర్‌కు సరిగ్గా సరిపోయాయి. ఊరి పేరే బ్రాండ్ అయింది.

ఇంకా పెద్ద ఉదాహరణ చైనాది. జియాంగ్సు రాష్ట్రంలో షాజి అనే ఊరు పాత ప్లాస్టిక్ ఏరుకుని బతికేది. 2006లో ఓ కుర్రాడు తిరిగొచ్చి ఆన్‌లైన్‌లో ఫర్నిచర్ అమ్మడం మొదలుపెట్టాడు. చూసి పక్కింటివాళ్లు మొదలుపెట్టారు. ఊరంతా ఫర్నిచర్ చేసే ఊరైపోయింది. ఇలా ఆన్‌లైన్ అమ్మకాలతో బతికే ఊళ్లను అక్కడ 'టావోబావో గ్రామాలు' అంటారు. 2009లో మూడే ఉండేవి. 2020కి 5,400 దాటాయి. అయితే అందరూ ఒకే బల్ల, ఒకే కుర్చీ చేసేసరికి ఒకరి మీద ఒకరు ధర తగ్గించుకుని నష్టపోయిన సందర్భాలూ ఉన్నాయి. మనకు రెండు పాఠాలూ కావాలి.

మన దేశంలో ఒకే పెద్ద కంపెనీ చేతిలో చిక్కకుండా కేంద్రం ఓఎన్‌డీసీ అనే ఓపెన్ నెట్‌వర్క్ తెచ్చింది. 2021 డిసెంబర్ చివర్లో సంస్థ ఏర్పడింది, 2022 ఏప్రిల్‌లో ఐదు నగరాల్లో పైలట్ మొదలైంది. యూపీఐలో ఏ బ్యాంకు ఖాతా నుంచైనా ఏ ఖాతాకైనా డబ్బు పోయినట్టు, ఏ యాప్‌లో ఉన్న కస్టమర్‌కైనా ఏ అంగడి సరుకైనా కనపడాలన్నది ఐడియా. నంద్యాల అంగడి కూడా అందులో ఎక్కొచ్చు. ఎక్కించే పని మాత్రం ఎవరో ఒకరు నెత్తిన వేసుకోవాలి. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా అయింది. కలెక్టరేట్ ఉంది, పరిశ్రమల శాఖ ఆఫీసు ఉంది, చాంబర్లు, వ్యాపార సంఘాలు ఉన్నాయి. శిల్పులకు, రైతులకు, చిన్న వ్యాపారులకు ఫొటో తీయడం, ధర రాయడం, ప్యాక్ చేయడం నేర్పే ఒక్క సెంటర్ పెట్టడం మోయలేని భారమా?

అంగడి నిలబడాలంటే..

అంగడివాళ్లకూ కొన్ని మాటలు చెప్పాలి. కొనేవాళ్లు మారిపోయారు. 'వాపసు లేదు' బోర్డు తీసేసే టైమ్ వచ్చింది. వాట్సాప్‌లో లిస్ట్ పెడితే సాయంత్రానికి ఇంటికి పంపే పని పెద్ద కంపెనీ కన్నా మీ అంగడే బాగా చేయగలదు. కస్టమర్ ఇల్లు మీకు తెలుసు, అడ్రస్ వెతుక్కోవాల్సిన పని లేదు. మిక్సీ చెడిపోతే రిపేరుకు పంపించే పూచీ, బట్ట కుదరకపోతే మార్చిచ్చే మాట.. ఇవి మీ దగ్గర మాత్రమే దొరికేవి. బిల్లు ఇవ్వండి. బిల్లు లేని అంగడిని చూసే కస్టమర్ యాప్‌ను నమ్మడం మొదలుపెట్టాడు.

కొనేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సినవి

ఆన్‌లైన్‌లో కొంటున్నారా? కొనండి. కానీ ఇవి తెలుసుకోండి.

అమ్మేవాళ్ల పేరు, అడ్రస్ కనపడని చోట డబ్బు ముందే కట్టొద్దు. 2020 జూలైలో వచ్చిన ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం ఆ వివరాలు చూపించాల్సిందే. మీ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో తేల్చాలి.

తేల్చకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. కంపెనీ ఆఫీసు బెంగళూరులో ఉన్నా, మీరున్న చోటి వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. 5 లక్షల లోపు విలువైతే ఫీజు కూడా లేదు. డబ్బు మోసం జరిగితే ఆలస్యం చేయకుండా 1930కు చెప్పండి.

ఖరీదైన వస్తువు వస్తే బాక్స్ విప్పేటప్పుడు వీడియో తీయండి. గొడవ వస్తే చూపించడానికి మీ చేతిలో ఉండే సాక్ష్యం అదే.

చివరిగా..

సాయంత్రమైంది. డెలివరీ బ్యాగు ఖాళీ అయింది. కుర్రాడు బైకు తిప్పి ఆఫీసు వైపు పోతున్నాడు. దారిలో రోడ్డు పక్కన ఉలి చప్పుడు. నల్లరాతిలో నరసింహస్వామి ముఖం సగం తేలింది. ఆ బ్యాగుకు, ఈ రాతికి మధ్య దూరం పది అడుగులు కూడా లేదు. ఒక ఫొటో, ఒక జీఎస్టీ నంబర్, ఒక గట్టి చెక్కపెట్టె.. ఇవి కుదిరితే పూజగదిలో పట్టే ఓ చిన్న విగ్రహం రేపు అదే బ్యాగులో బయల్దేరుతుంది.

వచ్చే పార్సిళ్లను ఎవరూ ఆపలేరు. ఆపక్కర్లేదు కూడా. వెళ్లే పార్సిళ్లను లెక్కపెట్టడం మొదలుపెడదాం. మీ ఊరి నుంచి ఆన్‌లైన్‌లో బయటికి పోవాల్సిన సరుకు ఏంటి? ఈ రాత్రి ఇంట్లో ఓసారి మాట్లాడుకోండి.